అరచేతి నీడ

మొన్న హైదరాబాదు పోతుంటే ప్రజ్ఞాపూర్‌లో బస్సు చాయ్‌కి ఆగింది. దిగాను, దిగి జగడం పెట్టుకున్నాను. నా నోటి సంగతి తెలిసినవాళ్ళకు ఇదేం వింత కాదు. కానీ ఈసారి జగడం సీటు కోసం కాదు, చల్లారిన చాయ్ కోసమూ కాదు. హోటల్ ముందు మెట్ల మీద, ఏప్రిల్ నెల ఎండలో, పట్టపగలు పన్నెండున్నరకు, మచ్చల ఆకుల చెట్టు కుండీ ఒకటి పెట్టి ఉంది. వెడల్పాటి పచ్చటి ఆకులు, వాటి మీద సున్నం చిలకరించినట్టు తెల్లటి మచ్చలు, చెరుకుగడలాంటి కాండం. ఇళ్ళల్లో, ఆఫీసు గదుల్లో నీడపట్టున పెంచుకునే చెట్టు అది. రెండు ఆకులు అప్పటికే అంచుల నుంచి మాడుతున్నాయి. మిగిలిన ఆకులకు ఎవడో మహానుభావుడు నూనె రాసి మెరిపించాడు.

ఆ నూనె చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

హోటలాయన గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. చెట్టును లోపల పెట్టమన్నాను. గిరాకీల కంట పడాలని బయట పెట్టామన్నాడు. చచ్చిపోతుందన్నాను. చస్తే ఇంకోటి తెస్తానన్నాడు. ఆ తర్వాత నేనేమేం అన్నానో పూర్తిగా గుర్తు లేదు గానీ, బస్సులో ఉన్నవాళ్ళంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. చివరికి ఆయన విసిగిపోయి అడిగాడు.

"చెట్టు నాది, కుండి నాది. నడుమల నీదేం వోయింది మేడం?"

నాదేం పోయిందో చెప్పాలంటే కాకా గురించి చెప్పాలి.

ఆయన పేరు చెప్పను. ఆఫీసులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళే లేరు. ఆఫీసరు "ఏమయ్యా" అనేవాడు, హెడ్ క్లర్కు "ఏయ్" అనేవాడు, మిగతా మేమందరం కాకా అనేవాళ్ళం. పేరు హాజరు పుస్తకంలో మాత్రం ఉండేది, అదీ పెన్సిలుతో.

పదిహేనేళ్ళ కిందటి మాట. సిద్దిపేటలో ఒక సర్కారు ఆఫీసులో నేను టైపిస్టును. ఏ ఆఫీసో అడగొద్దు. కాకా అక్కడ రోజుకూలీ మీద అటెండరు. రోజుకూలీ అంటే, రేపటి నుంచి రావద్దని హెడ్ క్లర్కు ఒక్క మాట అంటే అంతే, ఇంటికి పోవాల్సిందే. అప్పటికే అట్లా పన్నెండేళ్ళుగా చేస్తున్నాడు. బక్కపలచటి మనిషి, భుజం మీద తువ్వాల, చెవి వెనక సుద్దముక్క. చెవి వెనక బీడీ పెట్టుకునేవాళ్ళను చాలామందిని చూశాను, సుద్దముక్క పెట్టుకున్న మనిషిని ఆయన్నొక్కడినే చూశాను.

ఆ సుద్దముక్క ఆ మచ్చల చెట్టు కోసమే.

చెట్టు ఆఫీసరుది. హైదరాబాదులో ఎవరో కానుకగా ఇచ్చారట. దానికో ఇంగ్లీషు పేరు కూడా చెప్పాడు, అది మాలో ఎవరికీ నోరు తిరగలేదు. గదిలో పెంచే చెట్టని చెప్పాడు కాబట్టి మొదట దాన్ని ఇనుప బీరువా పక్కన చీకట్లో పెట్టారు. పది రోజుల్లో పాలిపోయి, కిటికీ వైపు మెడ సాచింది. అప్పుడు హెడ్ క్లర్కు తెలివి చూపించి పడమటి కిటికీలో పెట్టించాడు. మూడు రోజుల్లో ఒక ఆకు అప్పడంలా మాడింది. ఇక లాభం లేదనుకుని కాకా ఎవరినీ అడగకుండా దాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు.

"గిది గదిల పుట్టిన చెట్టు గాదు. పెద్ద చెట్ల కింద పుట్టిన చెట్టు. దీనికి ఎండ జల్లెడ వట్టినట్టు రావాలె" అన్నాడు.

ఆయనది హుస్నాబాద్ అవతల ఊరు. వయసులో ఉన్నప్పుడు ఎండాకాలమంతా అడవిలో బీడీల కోసం తునికాకు తెంపేవాడు. ఇంట్లో భార్య బీడీలు చుట్టేది. ఆకు ఎండ తగిలితే ఎట్లా మారుతుంది, నీడన ఎట్లా ఉంటుంది అన్నది ఆయన చేతివేళ్ళకు తెలుసు. ఎవరైనా సలహా ఇవ్వబోతే, అది హెడ్ క్లర్కయినా సరే, తునికాకు తెంపినోడికి ఎండ గురించి చెప్పొద్దని కసిరేవాడు. ఆ ఒక్క విషయంలో ఆయనకు ఎవరి భయమూ లేదు.

ఆయన దగ్గర పరికరమేమీ లేదు, అరచేయి తప్ప. చేయి చాపి ఆకుల మీద జానెడు ఎత్తున పట్టేవాడు. ఆకు మీద చేతి నీడ కత్తితో కోసినట్టు పడితే ఎండ ఎక్కువ. నీడే పడకపోతే చీకటి ఎక్కువ. అంచులు చెదిరి, వేళ్ళు కనిపించీ కనిపించనట్టు పడితే అది చెట్టు ఉండాల్సిన జాగా. "నీడ మెత్తగుండాలె" అనేవాడు. రోజుకు పదిసార్లు ఆ మాటే. చివరికి అదెంత అలవాటయిందంటే చాయ్ హోటల్లో కూర్చున్నా, బస్టాండులో నిలబడినా చేయి దానంతటదే చాపి నీడ చూసుకునేవాడు. కొత్తవాళ్ళు ఏదో అడుక్కుంటున్నాడనుకునేవాళ్ళు. ఒకామె చేతిలో అరటిపండు పెట్టింది కూడా. తిని, మళ్ళీ చేయి చాపాడు.

ఎండకు కూడా ఆయనకు రకాలున్నాయి.

"పొద్దుగాల ఏడున్నర ఎండ పాలు. తొమ్మిది గంటల ఎండ చాయ్. పన్నెండు గొట్టినంక సారా. పసిపోరికి ఏది వోస్తవ్ చెప్పు?"

అందుకని పొద్దున అందరికన్నా ముందు వచ్చి, ఆఫీసరు గది తూర్పు తలుపు తీసి, కుండీ కింద వేసిన గోనెసంచిని పట్టుకుని లాగి, దాన్ని ఎండ పడేచోట గంటసేపు పెట్టేవాడు. పాలు తాగించేవాడన్నమాట. తర్వాత వెనక్కి లాగేవాడు. షాబాద్ బండల మీద సుద్దతో గీత గీసి, ఇవాళ ఎండ ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు పెట్టేవాడు. వారానికి గీత బెత్తెడు జరిగేది, గీతతోపాటు కుండీ జరిగేది. సోమవారం సోమవారం కుండీని పావు వంతు తిప్పేవాడు, తిప్పకపోతే చెట్టుకు మెడ వంకర పోతుందట. పడమటి కిటికీకి భార్య పాత నూలుచీర కట్టాడు. ఆఫీసరు గదిలో ఆడవాళ్ళ చీరేమిటని హెడ్ క్లర్కు గొణిగాడు. కాకా వినిపించుకోలేదు. ఆదివారం కూడా వచ్చేవాడు. ఆదివారానికి కూలీ లేదు.

ఒకసారి ఒక కాంట్రాక్టరు సంతకం కోసం వచ్చి, నేల మీద ఆ సుద్దగీతలు, నడుమ కుండీ, పక్కన వేలాడే చీర చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. బాణామతి చేశారనుకున్నాడు పాపం. ఎంత పిలిచినా లోపలికి రాలేదు, సంతకం వరండాలోనే పెట్టించుకుని పోయాడు. మేం వారం రోజులు నవ్వుకున్నాం. కాకా మాత్రం నవ్వలేదు. "ఆయన అడ్డం నిలవడంగ చెట్టుకు ఎల్తురు వోయింది" అని తిట్టుకున్నాడు.

నా బల్ల సంగతి కూడా చెప్పాలి. నా టైపు మిషను ఒక మూల, రెండు బీరువాల సందులో ఉండేది. ఒకరోజు కాకా నీళ్ళ గ్లాసు పెట్టడానికి వచ్చి, నా కాగితం మీద అరచేయి పట్టాడు. నీడ పడలేదు. చీకట్లో టైపు కొడితే కండ్లు పోతాయని చెప్పి, నన్నడగకుండానే బల్లను రెండు మూరలు తలుపు వైపు లాగాడు. హెడ్ క్లర్కు ఎగిరిపడ్డాడు. నేను ఊరుకుంటానా? ఆఫీసు పైకప్పు ఎగిరిపోయేటట్టు అరిచాను. బల్ల అక్కడే ఉంది. ఆ రోజు నుంచి నాకు సిద్దిపేటలో నోరుగల టైపమ్మ అని పేరు పడింది. కాకాకు కూడా నా నోరంటే గురి.

ఆ గురే నన్ను ఇన్నేళ్ళుగా తింటున్నది.

హోలీ ముందు ఆఫీసరు మూడు నెలల ట్రైనింగుకు పోతున్నాడు. కాకాను పర్మనెంటు చేయమని సంగారెడ్డిలోని జిల్లా ఆఫీసుకు పంపాల్సిన కాగితం ఒకటి ఆయన సంతకం కోసం ఆగి ఉంది. కాకా చేతులు కట్టుకుని నిలబడి అడిగాడు. ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలి చెట్టును చూశాడు.

"నేను వచ్చేసరికి ఇది ఇట్లాగే పచ్చగా ఉండాలి. ఉంటే నా మొదటి సంతకం నీ కాగితం మీదే."

గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. పన్నెండేళ్ళ చాకిరీ చూసి పెట్టాల్సిన సంతకాన్ని చెట్టు ఆకులు చూసి పెడతాడట! ఒక మనిషి బువ్వను తీసుకుపోయి కుండీలో పాతిపెట్టి, అది హాస్యమనుకున్నాడు ఆ పెద్దమనిషి. కాకా నవ్వలేదు. సరే సార్ అన్నాడు. బయటికి వచ్చి నాతో, ఆకు పచ్చగా ఉంచడం నా చేతిలో పనే కదా బిడ్డా, అన్నాడు. అంత నమ్మకం.

ఆ మూడు నెలలు ఆయన చెట్టును చూసుకున్నట్టు తల్లులు కూడా పిల్లల్ని చూసుకోరు. సిద్దిపేట ఎండాకాలం ఎట్లా ఉంటుందో తెలియనివాళ్ళకు చెప్పలేను, తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. నూలుచీరను తడిపి కట్టేవాడు. ఆకుల్ని తడిగుడ్డతో తుడిచేవాడు. నూనె తగలనిచ్చేవాడు కాదు. నూనె రాసిన ఆకుకు ఎండ తగిలితే పెనం మీద వేసినట్టేనని నాకు ఆయనే చెప్పాడు. నాకు తెలుసు. ఈ మాట రాసి పెట్టుకోండి, నాకు తెలుసు. మే నెలకు చెట్టు రెండు కొత్త ఆకులు వేసింది. ఆకు చుట్ట విప్పుకుంటుంటే కాకా మమ్మల్నందరినీ పిలిచి చూపించాడు.

ఆఫీసరు ఒక సోమవారం వస్తాడని కబురు వచ్చింది. హెడ్ క్లర్కుకు కాలు నిలవలేదు. ఎనిమిదింటికే జీపు ఇచ్చి కాకాను బస్టాండుకు పంపాడు, సారు పెట్టె మోయడానికి. కాకా పోతూ పోతూ చెట్టును గీత మీద సరిచేసి, తలుపు చేరవేసి పోయాడు.

ఆయన జీపు గేటు దాటగానే హెడ్ క్లర్కు చెట్టును గదిలోంచి బయటికి తెప్పించాడు. పెద్దసార్లు వచ్చినప్పుడు ఆఫీసులో ఏది కదలకుండా ఉంటే దానికి ఎర్రటి జాజు పూసి సున్నం పట్టీలు వేయడం మా దగ్గర అలవాటు, రాళ్ళకు, చెట్ల మొదళ్ళకు, చివరికి నీళ్ళ తొట్టికి కూడా. కుండీకి జాజు పూశారు, సున్నం పట్టీ వేశారు. తర్వాత హెడ్ క్లర్కు నా బల్ల దగ్గరికి వచ్చి, కొబ్బరినూనె ఉందా అని అడిగాడు. నా సంచిలో తలకు రాసుకునే చిన్న సీసా ఎప్పుడూ ఉంటుందని ఆయనకు తెలుసు. ఆకులు మెరవాలట. మెట్ల మీద పెడితే సారు దిగగానే కళ్ళ పడాలట.

ఇచ్చాను.

ఎందుకిచ్చానో కూడా చెబుతాను. నాకు ఆ ఏడే పెళ్ళయింది. మా ఆయన హుస్నాబాద్ బడిలో సారు. నన్ను హుస్నాబాద్‌కు బదిలీ చేయమని పెట్టుకున్న అర్జీ హెడ్ క్లర్కు సొరుగులో ఉంది. ఆ మధ్యాహ్నమే ఆఫీసరు ముందు పెడతానని ఆయన మాటిచ్చి ఉన్నాడు. అందుకని సీసా ఇచ్చాను. నూనె వద్దని, ఎండలో పెట్టొద్దని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఆయన నా వైపు చూసి, మీ కాగితం ఇవాళే అయిపోతుందమ్మా అన్నాడు. నోరు మూసుకున్నాను.

సారు తొమ్మిదింటి బస్సులో రాలేదు, పదింటి బస్సులో రాలేదు. కాకా అక్కడ బస్టాండులో, చెట్టు ఇక్కడ మెట్ల మీద. చాయ్ ఎండ పోయింది, సారా ఎండ వచ్చింది. నా బల్ల తలుపు దగ్గరే కదా, కాకా జరిపిన బల్ల, అక్కడి నుంచి అంతా కనిపిస్తూనే ఉంది. మొదట ఆకులు వాడాయి. తర్వాత నూనె రాసినచోట తెల్లబడ్డాయి, తర్వాత గోధుమరంగు తిరిగాయి. రెండుసార్లు లేచాను. రెండుసార్లూ హెడ్ క్లర్కు తల ఎత్తి చూశాడు. కూర్చుని టైపు కొట్టాను. ఆ రోజు కొట్టినంత వేగంగా నేను ఎన్నడూ కొట్టలేదు.

రెండింటికి జీపు వచ్చింది. ఆఫీసరు దిగి చెట్టును చూశాడు. వెనక నుంచి పెట్టె నెత్తిన పెట్టుకుని కాకా దిగాడు. పెట్టె కింద పెట్టి మొదట చేసిన పని, చేయి చాపి ఆకు మీద పట్టడం. నీడ కత్తితో కోసినట్టు పడింది. తర్వాత ఆకును వేలితో రుద్ది, వేలు వాసన చూశాడు. ఆఫీసులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. తలుపులోంచి నన్ను చూశాడు.

"ఏమయ్యా, మూడు నెలలు నువ్వు చూసుకున్నది ఇదేనా?" అన్నాడు ఆఫీసరు.

"పొద్దటిదాంక మంచిగనే ఉండె సార్."

ఆఫీసరు నవ్వి లోపలికి పోయాడు. హెడ్ క్లర్కు ఆయన వెనకాలే ఫైళ్ళు పట్టుకుని పోయాడు. అరగంటలో నా అర్జీ మీద సంతకమై వచ్చింది, సిరా ఇంకా ఆరలేదు. కాకా కాగితం కూడా వచ్చింది, సంతకం లేకుండా. వచ్చే ఏడు చూద్దామన్నారట.

సాయంత్రం అందరూ పోయాక కాకా దగ్గరికి పోయాను. మాడిన ఆకుల్ని బ్లేడుతో ఒక్కొక్కటే కోస్తున్నాడు. కాండం ఒక్కటే మిగిలింది. నేను ఏదో చెప్పబోయాను, నా కాగితం, మా ఆయన, హుస్నాబాద్ అని. ఆయన చేయి ఆపి నా వైపు తిరిగాడు. ఆయన కోపం చాలాసార్లు చూశాను గానీ నా మీద చూడడం అదే మొదలు.

"హెడ్ క్లర్కు పేరు జెప్తే రేపటి సంది నాకు పని లేదు. నీ పేరు జెప్తే నీ కాగితం ఆగుతది. అందుకే నేను ఊకున్న. నువ్వు చెప్తవని జూసిన. బల్ల కోసం గంత ఒర్రినవ్. నీకు నోరున్నది గద టైపమ్మా, గా నోరు ఇయ్యాల ఏడవోయింది?"

ఆయన జవాబు కోసం ఆగలేదు. కుండీని గోనెసంచి మీద పెట్టి, పాత గీత దగ్గరికి లాక్కుంటూ పోయాడు.

నేను హుస్నాబాద్ పోయాను. దసరా తర్వాత నా సర్వీసు పుస్తకం కోసం సిద్దిపేట వస్తే, ఆ ఒట్టి కాండానికి నాలుగు ఆకులు వచ్చి ఉన్నాయి, మునుపటికన్నా పచ్చగా. నేల మీద కొత్త సుద్దగీతలు. కాకా చాయ్ తెచ్చిచ్చాడు, బాగున్నావా బిడ్డా అన్నాడు. చెట్టు పచ్చగానే ఉంది గానీ, చూసి సంతకం పెడతానన్నవాడే లేడు. ఆఫీసరుకు వానాకాలంలోనే బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన ముందు కాకా తన కాగితం సంగతి ఎత్తితే, చెట్టేమిటి, సంతకమేమిటి అన్నాడట. నేను వచ్చిపోయిన కొన్నాళ్ళకు, గదికి అడ్డంగా ఉందని చెట్టును కూడా తీసేయించాడట. ఆ తర్వాతి ఏళ్ళలో కాకా పేరు హాజరు పుస్తకంలో పెన్సిలుతోనే ఉంది. పెన్సిలుతోనే ఉండగా పోయాడు. చనిపోయిన ఏడాదికి గానీ నాకు తెలియలేదు. బస్టాండులో ఆయన భార్య కనిపించి చెప్పింది. చివరి రోజుల్లో మంచంలో పడుకుని కూడా కిటికీ దగ్గర చేయి చాపేవాడట. ఎందుకో ఆమెకు అర్థం కాలేదట. నాకు అర్థమయింది, చెప్పలేకపోయాను. అక్కడ కూడా నోరు పెగల్లేదు.

ప్రజ్ఞాపూర్ హోటలాయనకు ఇదంతా చెప్పలేదు. నాదేం పోయిందని అడిగినందుకు ఇంకో నాలుగు మాటలు అనేసి, కుండీని నేనే రెండు చేతులా ఎత్తుకుని లోపలికి తీసుకుపోయాను. చీరకు మట్టి అంటింది. రెండో బల్ల పక్కన పెట్టి, చేయి చాపి చూశాను. నీడ మెత్తగా పడింది. ఎందుకొచ్చిన గొడవ అనుకుని, అక్కడే ఉంచుతానని హోటలాయన తలాడించాడు. బస్సు ఎక్కాక కూడా జనం నన్నే చూస్తున్నారు. పక్క సీటామె జరిగి కూర్చుంది. ఒక కుండీ కోసం ఇంత అరుపేమిటని కండక్టరు నవ్వాడు.

ఇందులో సగం అరుపు ఆ రోజు ఆ మెట్ల మీద అరిచి ఉంటే కాకా పర్మనెంటయ్యేవాడో, కాకపోయేవాడో. అరిస్తే కదా తెలిసేది.